మేకు తీయడం ఒక విద్య

పాత కలపకు చెదపురుగును మించిన శత్రువు మేకు. దశాబ్దాల పాటు వానకు, ఉప్పుగాలికి నిలిచిన దూలం కూడా విప్పదీసే అరగంటలోనే పనికిరాకుండా పోవచ్చు. అండమాన్ దీవుల్లో ఈ నష్టం మరీ ఖరీదైనది.

ఆ దీవులకు, కలపకు ఉన్న బంధం పాతది. పోర్ట్‌బ్లెయిర్‌ను (2024 నుంచి శ్రీ విజయపురం) ఆనుకుని ఉన్న చాథమ్‌లో కోత మిల్లు 1883లోనే మొదలైంది. 1942లో జపాన్ బాంబులు పడినా మళ్లీ లేచి నిలబడింది. ఎర్రగా, చేవగా ఉండే అండమాన్ పడాక్ సహజంగా పెరిగేది అక్కడే. అయితే శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా 2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు పరిశ్రమల కోసం చెట్లు నరకడానికి, కలపను దీవులు దాటించడానికి అడ్డుకట్ట వేశాయి. అడవి నుంచి వచ్చేది తగ్గితే పాత ఇంట్లో ఉన్నదాని విలువ పెరగక తప్పదు.

చిక్కల్లా దాన్ని బయటికి తీయడంలోనే. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట మేకు తుప్పు పట్టి ఉబ్బుతుంది, చెక్క నారను గట్టిగా పట్టేస్తుంది. లాగబోతే తల ఊడిపోతుంది. గునపంతో పెకలిస్తే పలక చీలుతుంది. వెనక రెండుగా చీలిన సుత్తితో లాగితే మేకు వంగుతుంది, సుత్తి ఆనిన చోట చెక్క నలుగుతుంది. అందుకే అనుభవమున్న వడ్రంగి సుత్తి కింద ఓ చెక్కముక్క పెడతాడు. మేకు కొంచెం నిటారుగా పైకొస్తుంది, బరువు పరుచుకుంటుంది. లోపల మిగిలిన చిన్న ఇనుప ముక్క చాలు, రంపం పళ్లు పాడవడానికి.

దీనికి పరికరాలు లేకపోలేదు. జారే పిడితో పొడిచి, దవడలను చెక్కలోకి దించి, తల కిందుగా మేకును పట్టే సాధనానికి అమెరికాలో 19వ శతాబ్దంలోనే పేటెంట్లు ఇచ్చారు. అయితే ఆ దవడలే చెక్కకు గాయం చేస్తాయి. గాలి ఒత్తిడితో మేకును వెనక్కి తన్నే యంత్రాలకు కంప్రెసర్ కావాలి. దీవుల్లో అందరికీ అందేది కాదది. కావలసింది చేతి పనిముట్టు. సన్నని దవడ, చెక్కపై ఒత్తిడిని పంచే వెడల్పాటి పాదం, అరిగితే ఊళ్లో కమ్మరే మార్చగలిగే ముక్కు ఉండాలి.

ఇదేమంత పెద్ద ఆవిష్కరణ అనిపించవచ్చు. చీరకు ఆసు పోయడానికి వేలసార్లు చెయ్యి తిప్పే తల్లి భుజం నొప్పి చూసి, ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసినప్పుడు కూడా అది చిన్న సంగతే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇలాంటి పనితనాన్ని వెతికి ఆదుకోవడానికి 2000లో ఏర్పడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కూడా ఉంది.

2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ వాసుల్లో 13 శాతం మంది తెలుగు తమ మాతృభాష అన్నారు. ఉత్తరాంధ్రలో పాత మండువా లోగిళ్లు విప్పే వడ్రంగికీ, అక్కడ పడాక్ తలుపు విప్పే వడ్రంగికీ ఎదురయ్యే మేకు ఒకటే. మంచి పనిముట్టు పుడితే దాన్ని గంటకు ఎన్ని మేకులు తీసిందని అడగకూడదు, ఎన్ని పలకలు చీలకుండా మిగిలాయని అడగాలి. అలా మిగిలిన ప్రతి పలకా అడవిలో ఓ చెట్టుకు కాస్త ఊపిరే.