డబ్బా మీద ఏ ఒమేగా-3 అన్నది రాయించండి

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అధ్యక్షులవారికి,

తెనాలిలో మందుల షాపు నడుపుకునేవాణ్ణి. ఈమధ్య మా షాపులో బిళ్ళలతో సమానంగా పోయే సరుకుల్లో అవిసె నూనె క్యాప్సూల్స్ ఒకటి. వాటి డబ్బా గురించే ఈ లేఖ.

ముందువైపు పెద్ద అక్షరాలతో ఒమేగా-3 అని ఉంటుంది. చేప ముట్టనివాళ్ళు అది చూసి, డాక్టరు చెప్పిన చేప నూనెకు బదులు ఇదే చాలనుకుంటారు. గుండెకని కొందరు, కడుపుతో ఉన్న కోడలికని కొందరు పట్టుకెళ్తారు. కానీ అవిసెలో ఉండేది ఏఎల్ఏ అనే రకం, చేపలో ఉండేవి ఈపీఏ, డీహెచ్ఏ. మన ఒళ్ళు మొదటిదాన్ని తక్కిన రెండింటిగా మార్చుకోగలదు గానీ, మహా పిసినారిగా. ఈపీఏ కాస్త తయారవుతుంది, డీహెచ్ఏ మరీ స్వల్పం. కడుపులో బిడ్డ మెదడుకూ కళ్ళకూ ముఖ్యంగా కావలసింది ఆ డీహెచ్ఏనే. శాకాహారులకు నాచు నుంచి తీసిన నూనె దొరుకుతుంది. అది అడిగేవాళ్ళు అరుదు. ఎలా అడుగుతారు, అన్ని డబ్బాల మీదా ఉన్నది ఒకటే మాటైతే?

అవిసెలు పనికిరావని నేననను. ఏఎల్ఏ మన శరీరం తయారుచేసుకోలేని కొవ్వు, తిండిలోంచి రావాల్సిందే. అమెరికా వాళ్ళ లెక్కలో మగవారికి రోజుకు 1.6 గ్రాములు, ఆడవారికి 1.1 గ్రాములు సరిపోతుంది. 1000 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో ఉండేది సుమారు అర గ్రాము. అదే వేయించి దంచిన అవిసె పొడి ఒక పెద్ద చెంచాడు, అంటే 7 గ్రాములు, ఇడ్లీలో అద్దుకు తింటే 1.6 గ్రాముల దాకా వస్తుంది. మూడు క్యాప్సూల్స్ పెట్టు! (నా గల్లాపెట్టెకు ఇది నష్టం కలిగించే మాటే.) పైగా పొడిలో పీచూ లిగ్నాన్లూ ఉంటాయి. నూనె తీశాక అవి చాలావరకు పిండిలోనే ఉండిపోతాయి. కాళ్ళ రక్తనాళాలు పూడుకుపోయిన 110 మందితో కెనడాలో జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. ఆరు నెలలు రోజూ 30 గ్రాముల అవిసెలు తిన్నవారికి, తిననివారితో పోలిస్తే పై బీపీ 10 మేరకు తక్కువగా ఉంది. తినిపించింది పొడి. నూనె కాదు.

ఇక నూనె గుణం చూడండి. గాలి తగిలితే గట్టిపడుతుంది. అందుకే చిత్రకారులు రంగుల్లో కలిపారు, వడ్రంగులు చెక్కకు పూశారు, మా కుర్రాళ్ళు క్రికెట్ బ్యాటుకు రాస్తారు. హార్డ్‌వేర్ షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ కూడా అవిసె నూనే. త్వరగా ఆరడానికి అందులో కోబాల్టు, మాంగనీసు లాంటి లోహాల లవణాలు కలుపుతారు, నోట్లో పెట్టకూడదు. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే అంటుకోగలవు. గాలితో అంత చుట్టరికం ఉన్న నూనె ఇది. తినే నూనెకూ అదే జబ్బు. ఎండా వేడీ తగిలితే చేదెక్కుతుంది, పెయింటు వాసన వేస్తుంది. నల్లని సీసాలో, ఫ్రిజ్‌లో ఉండాల్సిన దాన్ని కొన్ని గానుగ షాపుల్లో తెల్లటి ప్లాస్టిక్ సీసాల్లో పోసి వీధివైపు బల్ల మీద వరసగా పెడుతున్నారు. కొన్నవాళ్ళు దాంతో పోపు పెడుతున్నారు. శుద్ధి చేయని ఈ నూనె 107 డిగ్రీల దగ్గరే పొగలు కక్కుతుంది! సీసాలో అయితే కనీసం ముక్కు పసిగడుతుంది. క్యాప్సూల్ మింగేవాడికి ఆ అవకాశమూ లేదు.

మామూలు మోతాదులో చాలామందికి దీనివల్ల హాని ఉండదు, ఎక్కువైతే విరేచనాలవుతాయి. నా భయం గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్, ఎసినోకూమరాల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళ గురించి. ఈ నూనె రక్తాన్ని ఇంకాస్త పలచబరిచే అవకాశం ఉందంటారు. రుజువులు గట్టివి కాకపోయినా, డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. ఆపరేషన్ ముందూ, కడుపుతో ఉన్నప్పుడూ అంతే.

మీ సంస్థ 2016 నిబంధనల్లోనే ఇలాంటి డబ్బాల మీద ఇది మందు కాదని రాయాలని చెప్పింది. సంతోషం. అయితే ఒమేగా-3 అన్న అక్షరాలు ఎంత పెద్దవో, వాటి కిందే అంత పెద్దగా ఏఎల్ఏ ఎంతుందో, ఈపీఏ, డీహెచ్ఏ లేవనీ రాయించండి. నూనె తీసిన తేదీ వేయించండి, గానుగ సీసాల మీద కూడా. రక్తం పలచబడే మందుల హెచ్చరిక పెట్టించండి. ఇంగ్లీషు గానీ హిందీ గానీ ఉంటే చాలన్న నిబంధన వల్ల మా దగ్గర కొనేవాళ్ళలో చాలామంది ఆ డబ్బా చదవలేరు. ఇక్కడ అమ్మేవాటి మీద తెలుగు ఉండాలి. ఏ మాటలు పెట్టాలన్నది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థను అడగండి. అప్పటిదాకా పైన చెప్పిన సంగతులు నేనే ఒక కాగితం మీద రాసి, ఆ డబ్బాల పక్కన అంటించి ఉంచుతాను.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక మందుల షాపు యజమాని