చూస్తే బాగనే ఉండావే!

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారికి,

చిత్తూరు జిల్లా కాలేజీల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పరీక్ష హాళ్లలో, ప్రిన్సిపాల్ గది బయట నేను తరచూ విన్న మాట ఒకటుంది: "చూస్తే బాగనే ఉండావే, నీకేమొచ్చింది?" చక్రాల కుర్చీలో వచ్చినవాణ్ణి ఎవరూ అలా అడగరు. ఫిట్స్ ఉన్న అమ్మాయిని, చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ వేసుకుంటున్న పిల్లవాణ్ణి, డిప్రెషన్ మందుల మత్తుకి పొద్దున లేవలేనివాణ్ణి అడుగుతారు. వాళ్లు ప్రతి సెమిస్టరులో, ప్రతి కొత్త సారుకూ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

చట్టం ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 7 వైకల్యాల జాబితాను 21కి పెంచింది. ఆటిజం, డిస్‌లెక్సియా, తలసీమియా అందులోకి వచ్చాయి. కానీ ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ కావాలంటే వైకల్యం కనీసం 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్ తేవాలి. మూర్ఛకూ టైప్-1 షుగర్‌కూ ఆ జాబితాలో పేరే లేదు. మరి వాళ్లు ఏ కాగితం తేవాలి?

2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీనికి దారి చూపింది. రాస్తుంటే చేయి పట్టేసే సివిల్స్ అభ్యర్థి ఆయన. బదులుగా రాసిపెట్టే స్క్రైబ్‌ని ఇవ్వడానికి 40 శాతం షరతు పెట్టకూడదని కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది ఆగస్టులో కేంద్రం అలాంటి వాళ్ల కోసం మార్గదర్శకాలూ ఇచ్చింది.

ఇక దాచుకోవడం సంగతి. హిందూ వివాహ చట్టంలో 1999 దాకా మూర్ఛ పెళ్లికి అడ్డంకిగా రాసి ఉండేది. చట్టం మారింది గానీ సంబంధాలు చూసేవాళ్లు మారలేదు. అందుకే హాస్టల్లో పడిపోయిన అమ్మాయి "టిఫిన్ చేయలేదు సార్" అంటుంది. లండన్ గాట్విక్ విమానాశ్రయంలో 2016లో మొదలైన, పైకి కనబడని వైకల్యం ఉందని తెలిపే పొద్దుతిరుగుడు పువ్వుల మెడపట్టీ ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. అది మన పిల్లలకు పనికొస్తుందని నేననుకోను. మెడలో వేసుకుంటే రూములో అందరికీ తెలిసిపోతుంది, ఆ కబురు బస్సెక్కి పలమనేరు చేరుతుంది.

కాబట్టి నేనడిగేది ఒక్క ఉత్తరం. విద్యార్థి చేరిన ఏడాది ఒకేసారి, ఒకే అధికారికి, తలుపు వేసిన గదిలో చెప్పుకోవాలి. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు మీ తిరుపతిలోనే ఉన్నాయి, సైకాలజీ విభాగం మీ ప్రాంగణంలోనే ఉంది. డాక్టరు మాట చూసి ఆ అధికారి ఇచ్చే ఉత్తరంలో జబ్బు పేరు ఉండకూడదు. గంటకు 20 నిమిషాలు అదనం, హాల్లోకి గ్లూకోజ్ బిళ్లలు, తలుపు దగ్గర సీటు, ముందు బెంచీ... ఏం కావాలో అదే ఉండాలి. కోర్సు అయ్యేదాకా అది చెల్లాలి. ఇన్విజిలేటరు దాన్ని చూసి సంతకం పెట్టాలి తప్ప ప్రశ్న వేయకూడదు. హాజరు తగ్గితే కట్టే కండొనేషన్ ఫీజు వీళ్లకు మాఫీ చేయాలి. జబ్బు చేసినందుకు జరిమానా ఏమిటి?

అనుబంధ కాలేజీలను మరిచిపోవద్దు. ప్రాంగణంలో అమలైన పద్ధతి మారుమూల డిగ్రీ కాలేజీ దాకా వెళ్లాలంటే సర్క్యులర్ పరీక్షల విభాగం నుంచే రావాలి. ఫీజు నోటిఫికేషన్‌తో పాటే దాన్నీ పంపితే ప్రిన్సిపాళ్లు తప్పక చదువుతారు. ఫీజు కాగితం చదవని ప్రిన్సిపాల్‌ని నేనింతవరకూ చూడలేదు.

ఇట్లు,
చిత్తూరు నుంచి ఒక విశ్రాంత అధ్యాపకుడు