పారశీక వర్తకులు – పరదేశి బ్యాంకు

పందొమ్మిదవ శతాబ్దమున పారశీకమందు ధనికవర్తకులకు కొదువ లేకుండెను. ఇస్ఫహాను వాస్తవ్యుడగు హాజీ మహమ్మద్ హసన్ పట్టు, నల్లమందు వ్యాపారములచే నపారధన మార్జించి, టంకశాల గుత్తకు గొని ‘అమీనుజ్జర్బ్’ అను బిరుదము వహించెను. ఇతడు మచ్చలేనివాడని మే మనజాలము; రాగినాణెముల విషయమున నితనిపై నేరారోపణలు వచ్చినవి. అయినను 1879 ప్రాంతమున దేశీయ బ్యాంకును స్థాపింపుడని నసీరుద్దీన్ షాకు విన్నవించిన దూరదర్శి యితడే. షా పెడచెవిని బెట్టెను. 1889లో బ్యాంకు వెలసెను. కాని నోట్లు ముద్రించు హక్కుతో గూడ నది జూలియస్ రాయిటరునకు దక్కెను! వార్తాసంస్థ స్థాపించిన రాయిటరే యితడు.

1890 మార్చిలో షా దేశమందలి పొగాకు క్రయవిక్రయములను, ఎగుమతిని ఏబదియేండ్లకు టాల్బటను నాంగ్లేయునకు వ్రాసియిచ్చెను. ప్రతిఫలము సాలునకు 15,000 పౌనులు, లాభమున నాలవవంతు. పండించు రైతును, అమ్ము వర్తకుడును పరదేశి గుమాస్తా వాకిట నిలువవలసి వచ్చెను. షీరాజు, తబ్రీజు, ఇస్ఫహాను నగరముల వర్తకులు మతాచార్యులతో జేతులు గలిపిరి. 1891 డిసెంబరులో మీర్జా హసన్ షీరాజీ పేర పొగాకు నిషిద్ధమను ఫత్వా వెలువడగా హుక్కాలు మూలబడెను. అంతఃపురమునగూడ నట్లే జరిగెనందురు. 1892 జనవరిలో ఆ హక్కు పూర్తిగా రద్దయ్యెను.

వర్తకులు గెలిచిరి, నిజమే. నష్టపరిహార మెవరిచ్చిరి? అందులకై షా 5,00,000 పౌనులు ఋణము చేసెను. ఇచ్చినది రాయిటరు బ్యాంకే! తీర్చవలసినది ప్రజలు.

1906లో మజ్లిసు సమావేశమైనప్పుడు అమీనుజ్జర్బు కుమారు డందు సభ్యుడు. ఆ సభ విదేశీఋణమును ద్రోసిపుచ్చి జాతీయబ్యాంకును గోరెను. మూలధనము మాత్రము చాలినంత చేరలేదు.