ఒకే సిలబస్‌... రెండు గడియారాలు!

పరీక్ష కేంద్రం బయట ఏటా వినిపించే మాటే: ‘లెక్కలు తెలిసినవే, టైమే సరిపోలేదు’. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఎంపీసీ విద్యార్థులు కొద్ది వారాల తేడాతో రాసే జేఈఈ మెయిన్‌, ఎప్‌సెట్‌లలో టైమ్‌ చాలకపోవడానికి కారణాలు వేర్వేరు. ఒకే అలవాటుతో రెండూ రాసేస్తే నష్టపోయేది అక్కడే.

రెండూ 3 గంటల పరీక్షలే. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు. అందులో సగం, అంటే 80, మ్యాథ్స్‌వే. సగటున ప్రశ్నకు 67 సెకన్లు. మెయిన్‌లో మొత్తం 75 ప్రశ్నలు, మ్యాథ్స్‌ 25. ఇక్కడ సగటు 2 నిమిషాల 24 సెకన్లు. సబ్జెక్టుకు ఇంత టైమ్‌ అనే నిబంధన రెండింట్లోనూ లేదు. ఎప్‌సెట్‌లో కెమిస్ట్రీని 25, ఫిజిక్స్‌ను 45 నిమిషాల్లో ముగించగలిగితే మ్యాథ్స్‌కు 110 నిమిషాలు మిగులుతాయి. అంటే ప్రశ్నకు 80 సెకన్ల పైమాటే.

80 సెకన్లలో ఇంటర్‌ పరీక్షలా స్టెప్పులు వేసుకుంటూ పోతే కుదరదు. ఉదాహరణకు 1×2 + 2×3 + 3×4... ఇలా ‘ఎన్‌’ పదాల మొత్తం అడిగారనుకోండి. సూత్రం రాబట్టే పని పెట్టుకోకుండా ఆప్షన్లలో ఎన్‌ స్థానంలో 2 వేయండి. 8 రావాలి. రెండు ఆప్షన్లకు 8 వస్తే 3 వేసి చూడండి, 20 రావాలి. పావు నిమిషం పని. (బోర్డు పరీక్షలో ఇలా రాస్తే మార్కులు రావు, అది వేరే సంగతి!)

ఎప్‌సెట్‌లో నెగెటివ్‌ మార్కులు లేవు. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నలు 20 ఖాళీగా వదిలితే సగటున 5 మార్కులు చేజేతులా వదులుకున్నట్టే. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్‌ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణలో అదీ లేదు, ర్యాంకు మొత్తం ఆ 3 గంటలదే. అందుకే చివరి 4 నిమిషాలు కొత్త లెక్క మొదలుపెట్టకుండా మిగిలిన ఖాళీలు నింపడానికే ఉంచుకోవాలి.

మెయిన్‌కు వచ్చేసరికి కథ మారుతుంది. సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్‌ 1. రెండు ఆప్షన్లు తప్పని తేల్చగలిగితే మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టడం లాభమే. ఏమీ తేల్చలేనప్పుడు గుడ్డిగా పెడితే దక్కేది సగటున పావు మార్కు. న్యూమరికల్‌ ప్రశ్నల్లోనైతే ఆప్షన్లే ఉండవు, తప్పయితే అక్కడా మైనస్సే. ఊహించి రాయడంలో అర్థం లేదు.

ఇక్కడే చాలామంది గమనించని మార్పు ఒకటుంది. 2021 నుంచి 2024 వరకు ప్రతి సబ్జెక్టులో 10 న్యూమరికల్‌ ప్రశ్నలిచ్చి 5 రాయమనేవారు. 2025 నుంచి ఆ ఛాయిస్‌ తీసేశారు. ఇప్పుడు ఇచ్చేవే 5. పాత పేపర్లతో ప్రాక్టీస్‌ చేస్తూ పదింట్లో తేలికైన ఐదు ఏరుకుంటే, ‘మ్యాథ్స్‌ గంటలో అయిపోతోంది’ అనే భ్రమ కలుగుతుంది. ఆ పేపర్లలో మొదటి 5 న్యూమరికల్స్‌ మాత్రమే తీసుకుని టైమ్‌ పెట్టుకోండి. అసలు లెక్క అప్పుడు తెలుస్తుంది. పైగా మెయిన్‌లో ఇద్దరికి ఒకే స్కోరు వస్తే ముందు చూసేది మ్యాథ్స్‌ స్కోరునే.

‘మా షిఫ్ట్‌లో మ్యాథ్స్‌ చాలా లెంగ్తీ’ అని మధ్యలోనే కంగారుపడేవాళ్లుంటారు. మెయిన్‌లో పర్సంటైల్‌ లెక్కించేది అదే షిఫ్ట్‌లో రాసినవారితో పోల్చి. పేపర్‌ మీకు లెంగ్తీ అయితే పక్క సీటులో ఉన్నవారికీ అంతే. అలాంటప్పుడు ఒక్క ఇంటిగ్రేషన్‌ను పట్టుకుని 6 నిమిషాలు కూర్చున్నవారికంటే, దాన్ని వదిలి మాత్రికలు, వెక్టర్స్‌, స్టాటిస్టిక్స్‌ ప్రశ్నలు పూర్తిచేసినవారికే మేలు.

‘స్పీడ్‌ పెంచండి’ అని అందరూ చెబుతారు కానీ, పరీక్షకు నెల ముందు చేతి వేగం పెద్దగా పెరగదు. మార్చుకోగలిగేది వదిలేసే వేగాన్ని. మాక్‌ టెస్ట్‌ అయ్యాక స్కోరుతో పాటు, 4 నిమిషాలు పెట్టి కూడా తప్పుచేసినవి ఎన్ని, అసలు తెరిచి చూడనివి ఎన్ని అనేది లెక్క రాసుకోండి. ఆ రెండో వరుసలో మీకు తేలిగ్గా వచ్చే ప్రశ్నలు రెండు మూడైనా కనిపిస్తాయి.