మంచులో జారాలంటే... గుల్మార్గా? ఔలీయా?

సంక్రాంతి సెలవులకు ఈసారి మంచుకొండలకు వెళ్దామని ఇంట్లో తీర్మానం అయిపోతుంది. కాళ్లకు స్కీలు కట్టుకుని జారాలని పిల్లలు ముందే కలలు కంటుంటారు. అంతవరకూ అందరిదీ ఒకే మాట. చిక్కంతా ఆ తర్వాతే. నాన్న ఓటు కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కి. నానమ్మ ఓటు ఉత్తరాఖండ్‌లోని ఔలీకి... పక్కనే జోషీమఠ్‌లో నరసింహస్వామి గుడి ఉంది కదా అని! చలికాలంలో బదరీనాథ్ ఆలయం మూసేశాక ఆదిశంకరుల గద్దెను తెచ్చి ఉంచేది ఆ గుడిలోనే మరి.

మన దేశంలో స్కీయింగ్ అనగానే మొదట వినిపించే పేర్లు ఈ రెండే. ఎత్తులోనూ పెద్ద తేడా లేదు. గుల్మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంటే, ఔలీ వాలు 2,500 నుంచి 3,000 మీటర్ల మధ్య ఉంటుంది. తేడా అంతా దారిలో, వాలులో, వెళ్లేవాళ్లలో ఉంది.

దారిలోనే సగం సెలవు!

గుల్మార్గ్ దారి సులువు. ఢిల్లీ మీదుగా శ్రీనగర్‌కు విమానం, అక్కణ్నుంచి సుమారు 50 కిలోమీటర్లు. మంచు బాగా పడితే టాంగ్‌మార్గ్‌లో కారు దిగి, చక్రాలకు గొలుసులు కట్టిన బండి ఎక్కాలి. మిగిలిన 13 కిలోమీటర్ల ఘాట్‌కు అదే గతి. రైలు ఇష్టపడేవాళ్లకు 2025 జూన్‌లో కట్రా-శ్రీనగర్ వందేభారత్ కూడా వచ్చింది. మంచు ఎక్కువైన రోజున శ్రీనగర్ విమానాలు రద్దవుతుంటాయి కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒకరోజు చేతిలో ఉంచుకోవాలి.

ఔలీ అలా కాదు. డెహ్రాడూన్‌లో విమానం దిగి రుషీకేశ్‌లో పడుకుని, తెల్లవారకముందే బయల్దేరితే ఘాట్ రోడ్డులో 250 కిలోమీటర్లు. జోషీమఠ్ చేరేసరికి చీకటి పడుతుంది. అంటే రానూపోనూ నాలుగు రోజులు. ఆరు రోజుల సెలవులో మంచు మీద గడిపేది రెండు రోజులే! ఇంకో సంగతి... జోషీమఠ్ నుంచి ఔలీకి నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఉంది గానీ, 2023 జనవరిలో పట్టణంలో నేల కుంగి వందల ఇళ్లు బీటలు వారినప్పుడు దాన్ని ఆపేశారు. కాబట్టి 16 కిలోమీటర్ల రోడ్డునే నమ్ముకుని వెళ్లాలి.

నేర్చుకోవడానికా... చూడటానికా?

ఇంతదూరం అయినా ఔలీకి ఎందుకు వెళ్తారంటే, నేర్చుకోవడానికి. దేవదారు చెట్ల మధ్య మూడు కిలోమీటర్ల వాలు... కొత్తవాళ్ల కాళ్లకు అలవాటయ్యేలా ఉంటుంది. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ ఇక్కడ 7 రోజులు, 14 రోజుల కోర్సులు నడుపుతుంది. రోజూ పొద్దున్న లేచి పడుతూ లేస్తూ వారం తిరిగేసరికి పిల్లలు సొంతంగా జారగలుగుతారు. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి శిఖరం. జనం రద్దీ కాస్త తక్కువ.

గుల్మార్గ్ సంగతి వేరు. అక్కడా ఊళ్లోనే చిన్న వాలులున్నాయి, శిక్షకులున్నారు. కేంద్ర పర్యటక శాఖ ఆధ్వర్యంలో స్కీయింగ్ నేర్పే సంస్థా ఉంది. కానీ స్కీలు ముట్టుకోనివాళ్లకు కూడా బోలెడంత సందడి ఉండేది ఇక్కడే. గొండోలా ఎక్కితే మొదటి అంచెలో కోంగ్‌డూరి, రెండో అంచెలో అఫర్వత్. రెండో అంచె చివర ఎత్తు దాదాపు 3,950 మీటర్లు! గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు కోంగ్‌డూరిలోనే ఆగిపోవడం మేలు. గాలి జోరుగా ఉన్నా, మంచు కురుస్తున్నా గొండోలా ఆపేస్తారు. స్లెడ్జ్ బండికీ, అద్దె కోటుకీ, బూట్లకీ ఎక్కకముందే ధర మాట్లాడుకోవాలి.

అఫర్వత్ పై వాలు ఆరితేరినవాళ్లకే. 2023 ఫిబ్రవరిలో అక్కడ మంచుచరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఓ రష్యన్ చనిపోయారు. వాళ్లేమీ కొత్తవాళ్లు కాదు. హద్దు దాటి ముందుకెళ్దామన్న కుర్రాళ్ల ఉత్సాహానికి ఇంట్లోనే కళ్లెం వేయాలి.

కశ్మీర్ అనగానే వచ్చే ఇంకో భయమూ ఉంది. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్ దగ్గరి బైసరన్‌లో ఉగ్రవాదులు 26 మందిని పొట్టనపెట్టుకున్నారు. ఆ తర్వాత కశ్మీర్‌లోని చాలా పర్యటక స్థలాలను కొన్నాళ్లు మూసేశారు. టిక్కెట్లు కొనేముందు అక్కడి పరిస్థితి కనుక్కోవడం, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే గదులే తీసుకోవడం తప్పనిసరి.

మంచు మాట తప్పితే?

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇది. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే చలికాలపు గాలులే రెండు చోట్లా మంచు కురిపిస్తాయి. అవి ఆలస్యమైతే అంతే సంగతులు. 2024 జనవరిలో సంక్రాంతికి గుల్మార్గ్ వెళ్లినవాళ్లకు కనిపించింది ఎండు గడ్డే! నెలాఖరుకు గానీ మంచు పడలేదు. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు కూడా మంచు చాలక మార్చికి వాయిదాపడ్డాయి. ఔలీలో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కృత్రిమ మంచు యంత్రాలు పెట్టారు గానీ, సెలవులను వాటి మీద వదిలేయలేం.

రెండు చోట్లా జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మూడోవారం దాకా ఆశ ఎక్కువ. కానీ పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇంట్లో ఫిబ్రవరి మాటెత్తగలమా? సంక్రాంతికే వెళ్లాలంటే మంచు పడకపోయినా పిల్లల ముఖాలు వాడిపోని చోటు ఎంచుకోవాలి. ఆ లెక్కన గుల్మార్గ్‌దే పైచేయి. మంచు లేకపోతే శ్రీనగర్‌కు దిగివచ్చి దాల్ సరస్సులో షికారా ఎక్కొచ్చు.

పెద్దవాళ్లు వెంట ఉన్నా గుల్మార్గే నయం. గుడి ఉందని ఔలీ అన్న నానమ్మకే ఆ పది గంటల ఘాట్ రోడ్డు కష్టం. రాత్రివేళ ఛాతీలో నొప్పి అంటే గుల్మార్గ్ నుంచి శ్రీనగర్ పెద్దాసుపత్రి 50 కిలోమీటర్లు. ఔలీ నుంచి పెద్దాసుపత్రికి వెళ్లాలంటే మళ్లీ ఆ కొండదారి అంతా దిగాలి. నరసింహస్వామి దర్శనానికి వేసవిలో బదరీనాథ్ యాత్రే మంచిది. ఆ దారి జోషీమఠ్ మీదుగానే వెళ్తుంది.

డిగ్రీకొచ్చిన పిల్లలు, చేతిలో పన్నెండు రోజులు, నేర్చుకోవాలన్న పట్టుదల... ఈ మూడూ ఉంటే మాత్రం ఫిబ్రవరిలో ఔలీకి వెళ్లొచ్చు. వెళ్లేది ఎక్కడికైనా చలికోట్ల కన్నా ముందు ఓ మంచి చేతి తొడుగుల జత కొనండి. మొదటిరోజు మంచులో ఎక్కువసార్లు ఆనేది చేతులే!