నెత్తురు తాగేది దెయ్యమేనా?

“అభ్యుదయ సాహిత్యమని ఇన్నేళ్ళుగా మాట్లాడి, చివరకు దెయ్యాల కథ పట్టుకు కూర్చున్నారా?” అని మొన్న ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. ఆయన మాటలో వెటకారమే కాదు, నిజమైన బాధ కూడా ఉంది. మంత్రాలు, చేతబడి, బాణామతి అనే పేర్లు చెప్పి మనుషుల ప్రాణాలు తీసిన ప్రాంతం మాది. అట్లాంటి చోట కళాశాలలో తెలుగు పాఠం చెప్పే మనిషి పదిమందిని కూడగట్టి, శవపేటికలో నుంచి లేచి నెత్తురు తాగే ప్రభువు కథ చదివించడమేమిటి? ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పే పూచీ నాకుంది. ఐతే ఈ జవాబు ఆయనకొక్కరికే కాదు. మాతోపాటు కూర్చుని చదివి, నవలను తప్పుగా మెచ్చుకున్న మిత్రులకు కూడా.

మేము చదివినది బ్రామ్ స్టోకర్ రాసిన ‘డ్రాక్యులా’. 1897లో లండనులో అచ్చయిన నవల. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల — మూడు ఊళ్ళ వాళ్ళం. ఇద్దరు ఉపాధ్యాయులు, సిరిసిల్ల మరమగ్గం మీద పనిచేసే ఒక కార్మికుడు, కోరుట్లలో బీడీలు చుట్టే ఒక అక్క, గల్ఫు నుంచి తిరిగివచ్చిన ఒకాయన, నలుగురు విద్యార్థులు. ఆదివారాలు కలుసుకునేవాళ్ళం. నేను ఇంగ్లీషు పుట చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. ఆ తర్వాత వాదం. నవల కూడా అట్లా చదువుకోవడానికి వీలుగానే ఉంది. అందులో కథ చెప్పే మనిషి ఒక్కడు కాడు. దినచర్యలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికల్లో వచ్చిన వార్తలు — వీటిని కుట్టిన కట్ట అది.

కథ క్లుప్తంగా ఇది. ట్రాన్సిల్వేనియా కొండల్లోని ఒక కోటలో కౌంటు డ్రాక్యులా ఉంటాడు. లండను దగ్గర ఒక పాత ఎస్టేటు కొనదలచుకున్నాడు. ఆ కాగితాలు పట్టుకుని జొనాథన్ హార్కర్ అనే కుర్ర వకీలు కోటకు వెళ్ళి, అక్కడే బందీ అవుతాడు. కౌంటు తన గడ్డ మట్టి నింపిన యాభై పెట్టెలతో ఓడెక్కి ఇంగ్లండు చేరతాడు. లూసీ అనే యువతి నెత్తురు తాగి ఆమెను కూడా తనవంటి దాన్ని చేస్తాడు. వాన్ హెల్సింగ్ అనే పండితుని వెంట ఒక డాక్టరు, ఒక లార్డు, ఒక అమెరికా ధనికుడు, హార్కర్, అతని భార్య మీనా కలిసి కౌంటును వెంటాడి, తిరిగి వాడి కోట ముంగిట్లోనే మట్టుబెడతారు.

మొదట పెద్దాయన మాటకు వస్తాను. పుస్తకం మూసినంత మాత్రాన భయం పోదు. తెలుగులో చేతబడి నవలలు రాలేదా? యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వచ్చినప్పుడు జనం దాన్ని విరగబడి చదివారు. రంగనాయకమ్మ గారు మొహం తిప్పుకుని ఊరుకోలేదు. దాన్ని గంజాయి దమ్ము అంటూ పుస్తకమంత విమర్శ రాశారు. ఆ విమర్శతో ఎవరైనా ఏకీభవించవచ్చు, మానవచ్చు. కాని చదివి పోరాడటం ఒకటి, చదవకుండా నిషేధించడం ఒకటి. రెండోది హేతువాదం కాదు, మడి కట్టుకోవడం.

రెండో పక్షం మా విద్యార్థి మిత్రులది. వారు మూడో వారానికే తేల్చేశారు: “కౌంటు అంటే దొర. కోట అంటే గడీ. ఇంకేముంది?” దీనికి పెద్దల దన్ను కూడా ఉంది. మార్క్స్ 1867లోనే పెట్టుబడిని బతికున్న శ్రమను పీల్చి బతికే రక్తపిశాచితో పోల్చాడు. పనిదినం గురించిన ఆ అధ్యాయంలోనే వలేకియా భూస్వాములు రైతుల చేత చేయించిన వెట్టిని కూడా ప్రస్తావించాడు. ఇటలీ విమర్శకుడు ఫ్రాంకో మొరెట్టి, 1983లో వచ్చిన తన వ్యాస సంపుటిలో డ్రాక్యులాను పెట్టుబడికి ప్రతిరూపంగా విశ్లేషించాడు. మా కుర్రవాళ్ళకు ఇంతకన్న ఏం కావాలి?

నాకు మాత్రం ఇది చాలదు. పోలిక దొరకగానే ఆలోచన ఆపేయడం మన విమర్శకు పట్టిన పాత జబ్బు. రచయిత వర్గశత్రువును బొమ్మ గీశాడని మురిసిపోయి, ఆ బొమ్మలో ఏది గీయకుండా వదిలేశాడో చూడం.

కోటలో హార్కర్‌కు మొదట్లోనే ఒక అనుమానం వస్తుంది: ఇక్కడ నౌకర్లు కనపడరేమి? ఒకనాడు తలుపు సందులోంచి చూస్తే కౌంటే స్వయంగా పక్క సర్దుతున్నాడు, బల్ల మీద భోజనం వడ్డిస్తున్నాడు. ఇది చదివినప్పుడు మా అందరికీ నవ్వొచ్చింది. ఏ గడీలో దొర తన పక్క తాను పరచుకున్నాడయ్యా? గడీ నిలిచింది రాతి గోడల మీద కాదు, వెట్టి మీద. చాకలి, మంగలి, కుమ్మరి, నేత, మాదిగ, మాల, ఇంటి లోపల ఆడబాప — ఇంతమంది వీపుల మీద నిలిచింది. ఆ వీపులు తీసేసి చూపిస్తే దొర దెయ్యంలాగే కనపడతాడు: ఎక్కడి నుంచో పుట్టిన బలం, ఎక్కడి నుంచో వచ్చిన బంగారం. కౌంటు గదిలో దుమ్ము పట్టిన నాణేల కుప్ప ఉంటుంది. లండనులో హార్కర్ కత్తి విసిరితే కౌంటు కోటు చీలి, నెత్తురు కాదు, నోట్ల కట్ట, బంగారు నాణేలు రాలతాయి. ఆ పారిపోయే తొందరలో కూడా వాడు వంగి గుప్పెడు డబ్బు ఏరుకుంటాడు. ఇంత చక్కని దృశ్యం రాసిన స్టోకర్, ఆ డబ్బు ఎవరి చెమటో ఒక్క మాట చెప్పడు. శ్రమ కనపడకుండా చేస్తే దోపిడీ కాస్తా మాయ అవుతుంది. మాయకు మంత్రమే విరుగుడు అవుతుంది. నవల చేసిన మొదటి మోసం ఇది.

కోట గుమ్మం దగ్గరికి ఒక పల్లెటూరి తల్లి జుట్టు విరబోసుకుని వచ్చి, నా బిడ్డను ఇయ్యమని ఏడుస్తుంది. కౌంటు తోడేళ్ళను పిలుస్తాడు. అవి ఆమెను చీల్చేస్తాయి. కిటికీలోంచి చూస్తున్న హార్కర్‌కు జాలి కలగదు. బిడ్డ గతి తెలిసినవాడు గనుక ఆమె చావడమే మేలనుకుంటాడు. ఈ పుట చదివిన రోజు కోరుట్ల అక్క అడిగింది: “ఆ తల్లికి పేరు లేదా, సార్?” లేదు. అందరి దినచర్యలూ దాచిపెట్టిన ఆ కాగితాల కట్టలో ఆమె కాగితం లేదు. వేల బీడీలు చుట్టినా కంపెనీ లెక్కలో తన పేరు ఎక్కని ఆడవాళ్ళ మధ్య బతికిన మనిషి వేసిన ప్రశ్న అది. మొరెట్టికి తట్టిందో లేదో గాని, మాకు మాత్రం ఆ అక్క వల్లనే తట్టింది.

సిరిసిల్ల తమ్ముడిది ఇంకొక మాట. కౌంటు పగలంతా పడుకుని రాత్రి తిరుగుతాడని నేను వివరిస్తుంటే, “రాత్రంత మేల్కొని తెల్లారినంక పండుకునేది ఆయనొక్కడేనా సార్? మేం గూడ” అన్నాడు. పన్నెండు గంటల డ్యూటీ, సాంచాల మోత, మీటరు లెక్కన కూలి. అతని లెక్క ప్రకారం రాత్రి దెయ్యాలది కాదు, రాత్రి పాళీ వాళ్ళది. లండనులో కౌంటు పెట్టెలు మోసింది కూడా బండి కూలీలే. హార్కర్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి తాగడానికి డబ్బులిచ్చి సమాచారం రాబడతాడు. పెట్టెలు బరువని, దుమ్ము గొంతులో పడిందని వాళ్ళు మొత్తుకుంటే అది నవలలో హాస్యం. కూలివాడి దగ్గు హాస్యమైన చోట పాఠకుడు ఎవరి పక్షాన కూర్చున్నాడో తెలుసుకోవాలి.

ఇక రెండో మోసం. ఇది మా ప్రాంతానికి ప్రాణాంతకమైనది.

పిశాచిగా మారిన లూసీని ఆ మర్యాదస్థులంతా కలిసి ఏం చేశారు? సమాధి తెరిచారు. ఆమెను పెళ్ళాడవలసిన వాడి చేతనే గుండెలో మేకు దిగగొట్టించారు. తల కోశారు. నోటినిండా వెల్లుల్లి కుక్కారు. పోలీసు లేడు, న్యాయస్థానం లేదు, విచారణ లేదు. పండితుడు చెప్పాడు, తక్కినవారు నమ్మారు. పైగా ఆ పని అయ్యాక లూసీ మొహంలో శాంతి కనపడిందని రాసుకున్నారు. చంపినవారు తమకు తాము ఇచ్చుకున్న సర్టిఫికెట్టు అది.

ఈ ఘట్టం చదివిన రోజు మాలో ఎవరికీ నవలలో భయం కనపడలేదు. భయం మా వీధిలో కనపడింది. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలోనే, మంత్రాలు చేస్తున్నారనే అనుమానంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను చంపారు. మంత్రం పలకకుండా ఉండాలని అనుమానితుల పళ్ళు ఊడబీకిన దారుణాలు తెలంగాణ పల్లెలు ఎరుగును. లూసీ నోట్లో వెల్లుల్లి, మన పల్లెలో పళ్ళు ఊడగొట్టిన నోరు — రెండూ ఒకటే. ముందు నోరు మూయిస్తారు, తర్వాత చంపుతారు. నవలలో లూసీ నిజంగానే పిశాచి కదా అంటారేమో. అదే నేను చెప్పేది. చంపేవారి మాట తప్ప మరో మాట వినపడకుండా కట్టిన కథలో ప్రతి అనుమానమూ నిజమే అవుతుంది. ఊళ్ళో పుకారు కూడా సరిగ్గా అట్లాగే కట్టబడుతుంది.

పెద్దాయనా, అందుకే ఈ నవల చదవాలంటాను. దెయ్యాన్ని నమ్మడానికి కాదు, నమ్మించే యంత్రం ఎట్లా తిరుగుతుందో మరలు విప్పి చూడటానికి. జ్వరం ఎందుకొచ్చింది, బిడ్డ ఎందుకు చచ్చిపోయింది, బాకీ ఎందుకు తీరలేదు — ఈ ప్రశ్నలు పైకి పోకుండా పక్కింటి మీదికి మళ్ళించడమే ఆ యంత్రం పని.

మరి నవలలో మనం ఉంచుకోవలసినది ఏమీ లేదా? ఒకటుంది. అది రచయిత తెలిసి ఇచ్చాడో తెలియక ఇచ్చాడో నాకు పట్టదు. పిశాచి ఎంత బలవంతుడైనా ఇంటివారెవరైనా మొదటిసారి లోపలికి పిలవనిదే గడప దాటలేడు. కోట గుమ్మంలో హార్కర్‌ను కూడా కౌంటు నీ ఇష్టంతోనే లోపలికి రమ్మంటాడు. బలవంతునికి కూడా బలహీనుని సమ్మతి కావాలి.

స్టోకర్ పుట్టింది ఐర్లండులో, డబ్లిన్ నగరంలో, 1847లో. ఆయన 1878లో లండనులోని లైసియం నాటకశాలకు మేనేజరుగా వెళ్ళిపోయాడు. మరుసటి సంవత్సరమే ఆయన దేశంలో రైతులు భూస్వాముల మీద లేచారు. 1880లో మేయో ప్రాంతంలో ఒక జమీ ఏజెంటుకు పంట కోయడానికి కూలీ దొరకలేదు, ఇంట్లో పనిమనిషి నిలవలేదు, అంగడివాడు సరుకు అమ్మలేదు. ఆ పంట కోయించడానికి బయటి నుంచి యాభైమందిని, వారికి కాపలాగా దాదాపు వెయ్యిమంది సైనికులను, పోలీసులను తేవలసివచ్చింది. ఆ ఏజెంటు పేరు కెప్టెన్ బాయ్‌కాట్. ఇవాళ మనం వాడే మాట ఆయన పేరే.

ఆ మాట అర్థం మాకు నిఘంటువు చెప్పలేదు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో రైతుకూలీలు వెట్టి మానేశారు. దొర ఇంటి బట్టలు ఉతకలేదు, గడ్డం గీయలేదు, పొలం దున్నలేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. మరుసటి నెలలోనే అప్పటి కరీంనగర్ జిల్లాలోని ఆ రెండు తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఎంత భయపడితే ఆ ప్రకటన! గడీ దొరను భయపెట్టింది వెల్లుల్లి కాదు, సిలువ కాదు. రేపటి నుంచి రామని చెప్పిన చాకలి.

ఇక్కడ ఒక పెడార్థానికి తావివ్వకూడదు. పిలిచినవారిదే తప్పు అని నేననడం లేదు. గల్ఫు నుంచి వచ్చిన మిత్రుడు చెప్పాడు: వీసా కోసం ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టిననాడే తన గడప తెరుచుకుందట. వారం వారం వాయిదా వసూలుకు వచ్చే వడ్డీ సంస్థల బాధ భరించలేక జనం గోలపెడితే 2010లో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. ఆ సంతకాలు ఎవరూ సరదాకు చేయలేదు. ఆకలి చేయించింది. ఒంటరి మనిషి తలుపు మూయలేదు. ఊరంతా కలిస్తే మూయగలదు. స్టోకర్ నవలలో ఆరుగురు పెద్దమనుషులు కలిశారు గాని ఊరు కలవలేదు. అందుకే వాళ్ళకు మేకు కావలసివచ్చింది.

కనుక ‘డ్రాక్యులా’ను చదవండి. ఒంటరిగా, అర్ధరాత్రి, దీపం తగ్గించి కాదు. పదిమందితో, మగ్గం తమ్ముణ్ణీ బీడీల అక్కనూ పక్కన కూర్చోబెట్టుకుని, వెలుతురులో చదవండి. ప్రతి పుట దగ్గరా రెండు ప్రశ్నలు వేయండి: ఇక్కడ ఎవరి పని కనపడటం లేదు? ఎవరి నోరు మూశారు? ఈ రెండు ప్రశ్నలు నేర్చిన ఊళ్ళో దెయ్యానికి పని ఉండదు. మంత్రగాడనే నెపంతో పక్కింటివాణ్ణి చంపే గుంపు లేచిననాడు, ఆ గుంపుకు అడ్డం నిలబడే మనిషి కూడా ఆ ఊళ్ళో కనీసం ఒక్కడుంటాడు. ఆ ఒక్కణ్ణి తయారుచేయలేకపోతే, మా ఆదివారాలు వృథా అయినట్లే.