గోల్ఫ్ పాఠం మట్టి మైదానంలోనే మొదలవ్వాలి

2023 ఏప్రిల్ 9, ఆదివారం. అమెరికాలోని ఆగస్టా నేషనల్ కోర్సులో మాస్టర్స్ టోర్నీ చివరి రౌండు. పదహారో హోల్ దగ్గర సాహిత్ తీగల బంతి గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక) దాటిపోయింది. అతను జెండా వైపు గురిపెట్టలేదు. గ్రీన్ వాలును చదువుకుని, పైభాగంలో ఒక చోటు ఎంచుకుని అక్కడికి చిప్ చేశాడు. బంతి వాలు మీద మలుపు తిరిగి, నింపాదిగా దొర్లుకుంటూ వచ్చి హోల్‌లో పడింది. 2005లో టైగర్ ఉడ్స్ అదే హోల్‌లో కొట్టిన చిప్ గోల్ఫ్ అభిమానులందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చింది. తొలిసారి మాస్టర్స్ ఆడుతున్న తీగల ఉమ్మడి తొమ్మిదో స్థానంలో నిలిచాడు.

అతని తల్లిదండ్రులు మురళీధర్, కరుణ హైదరాబాద్ నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. 1997లో అక్కడే పుట్టిన సాహిత్‌కు వెన్నెముకలో వంపు ఉంది. డాక్టర్లు దాన్ని స్కోలియోసిస్ అంటారు. స్వింగ్‌లో అతని నడుము పక్కకు ఒరిగే తీరు ఏ శిక్షణ పుస్తకంలోని బొమ్మకూ సరిపోదు. చిన్నప్పటి నుంచి నేర్పిన కోచ్ రిక్ హంటర్ ఆ స్వింగ్‌ను తీసేసి కొత్తది పెట్టే పని చేయలేదు. ఆ ఒళ్లు ఎలా తిరుగుతుందో అలాగే తిరగనిచ్చాడు. 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ పురస్కారాలు మూడూ సాహిత్‌కే దక్కాయి. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్ విజేత కూడా అయ్యాడు.

ఒంటికి వచ్చిన తీరులోనే ఆడనివ్వడం హైదరాబాద్‌కు, ముఖ్యంగా అబిడ్స్‌కు కొత్త కాదు. గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ హైస్కూల్లో క్రికెటర్ అజరుద్దీన్ చదివాడు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న లిటిల్ ఫ్లవర్‌లో వీవీఎస్ లక్ష్మణ్ చదివాడు. ఆఫ్ స్టంప్ బయట పడిన బంతిని ఇద్దరూ మణికట్టు తిప్పి లెగ్ సైడుకు పంపేవారు. క్రికెట్ పాఠాల ప్రకారం అది తప్పే. ఆ తప్పును వాళ్ల చేతిలోంచి లాగేసి ఉంటే అజర్ తొలి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టేవాడా? 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ 281 వచ్చేదా? క్రికెట్‌లో ఇంత ఔదార్యం చూపిన నగరం గోల్ఫ్ దగ్గరికి వచ్చేసరికి స్వింగ్ అచ్చుగుద్దినట్టు ఉండాలని పట్టుబట్టడం బాధగా ఉంటుంది.

ఇప్పుడు స్వింగ్ బాగుచేసుకోవడమంటే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసుకుని, ఎవరో పెద్ద ఆటగాడి వీడియో పక్కన పెట్టి, మోచేయి దగ్గర నుంచి మడమ దాకా తేడాలు వెతుక్కోవడంగా మారింది. నిజానికి బంతికి ఆ తేడాల్లో చాలావాటితో పని లేదు. క్లబ్ తాకే క్షణంలో దాని ముఖం ఎటు చూస్తోంది, క్లబ్ నేలను ఎక్కడ తాకింది, ఎంత వేగంతో వచ్చింది, ఏ దారిలో వచ్చింది అన్నవే లెక్క. బంతి ఏ దిక్కున బయల్దేరుతుందో ఎక్కువగా క్లబ్ ముఖమే తేలుస్తుంది. ఈ నాలుగూ కుదిరాక నడుము ఎటు ఒరిగినా పట్టించుకోనక్కర్లేదు. విశాఖపట్నంలో పుట్టి, పసితనంలోనే కెనడా వెళ్లిన సుదర్శన్ యల్లమరాజు యూట్యూబ్ వీడియోలు చూసే ఆట నేర్చుకున్నాడు. 2025 జనవరిలో బహమాస్‌లో కార్న్ ఫెర్రీ టూర్ టోర్నీ గెలిచాడు. వీడియో చూడటం తప్పు కాదు. అందులోని మనిషిలా మారాలనుకోవడమే తప్పు.

ఈ నాలుగు విషయాలూ ఒంటికి పట్టాలంటే పిచ్ షాటే సరైన బడి. గ్రీన్‌కు ముప్ఫై, నలభై గజాల దూరం నుంచి బంతిని కాస్త ఎత్తుగా లేపి, దిగాక తక్కువ దొర్లేలా కొట్టడం పిచ్. చిప్‌లో బంతి గాల్లో తక్కువ ఉంటుంది, నేల మీద ఎక్కువ పోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒక్కటే. బంతిని తామే పైకి ఎత్తాలనుకుని, చివరి క్షణంలో మణికట్లు విదిలిస్తారు. క్లబ్ బంతి కన్నా ముందే నేలను గుద్దుతుంది, లేదంటే బంతి నడినెత్తిన తగిలి గ్రీన్ అవతల పడుతుంది. ఈ షాట్‌కు వాడే వెడ్జ్ అనే క్లబ్ ముఖం ముందే వాలుగా చేసి ఉంటుంది. పిచింగ్ వెడ్జ్‌కు సుమారు 46 డిగ్రీలు, శాండ్ వెడ్జ్‌కు 56 డిగ్రీల వాలు. బంతిని లేపే పని ఆ వాలుది. ఆటగాడు చేయాల్సిందల్లా పాదాలు దగ్గరగా పెట్టి, బరువు కొంచెం ముందు కాలి మీద ఉంచి, ఛాతీని చేతులతో పాటు తిప్పడం. అండర్ ఆర్మ్ బంతి విసిరేటప్పుడు ఒళ్లు ఎలా కదులుతుందో ఇక్కడా అలాగే కదలాలి. దూరం మారాలంటే బలం మార్చకూడదు, వెనక్కి ఎత్తే కొలత మార్చాలి. నాసాలో పనిచేసి తర్వాత గోల్ఫ్ బోధనలోకి వచ్చిన డేవ్ పెల్జ్ ఈ కొలతలను గడియారం ముల్లుతో నేర్పాడు. చేయి ఏడున్నర దగ్గర ఆగితే ఒక దూరం, తొమ్మిది దగ్గర ఆగితే ఇంకో దూరం.

ఇందులో హైదరాబాద్‌కు కలిసొచ్చే విషయం ఒకటుంది. ఈ సాధనకు పచ్చిక అవసరం లేదు. మట్టి నేల మీద సున్నంతో గీత గీసి, దాని మీద బంతి పెట్టి కొడితే చాలు. క్లబ్ గీత వెనక మట్టిని లేపిందా, ముందు లేపిందా అన్నది పదేళ్ల పిల్లకు కూడా కనిపిస్తుంది. ప్లాస్టిక్ మ్యాట్ ఈ నిజాన్ని దాచేస్తుంది. వెనక గుద్దిన క్లబ్ మ్యాట్ మీద జారి బంతిని తాకుతుంది, కొట్టినవాళ్లకు బాగా కొట్టామనిపిస్తుంది. ఖరీదైన మ్యాట్ కన్నా స్కూలు గ్రౌండు మట్టే నిజాయితీగల కోచ్.

పిచ్‌తో మొదలుపెట్టాలన్న మాటకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ పీజీఏ టూర్ షాట్ల లెక్కలన్నీ తీసి, మేటి ఆటగాళ్ల మధ్య తేడాలో సుమారు మూడింట రెండు వంతులు వంద గజాలకు పైబడిన షాట్లలోనే వస్తుందని తేల్చాడు. ఆ లెక్క సరైనదే, దాన్ని పక్కకు నెట్టడానికి లేదు. కానీ అది ఇప్పటికే బాగా కొట్టేవాళ్ల గురించిన లెక్క. బంతిని శుభ్రంగా తాకడం ఇంకా రాని పిల్లకు ముప్ఫై గజాల పిచ్‌లో కుదిరిన తాకిడే రేపు పెద్ద స్వింగ్‌కు పునాది. హోల్ దగ్గర మొదలుపెట్టి టీ (తొలి షాట్ కొట్టే చోటు) వైపు వెనక్కి వెళ్తూ నేర్చుకోవాలని టెక్సస్ గురువు హార్వీ పెనిక్ చెప్పింది అందుకే. స్పెయిన్‌లో సెవె బాయెస్తెరోస్ ఒక్క మూడో నంబరు ఐరన్‌తో పెద్రేన్యా బీచ్ ఇసుకలో ఆడుకుంటూ పెరిగాడు. కోల్‌కతాలో గ్రీన్‌కీపర్ కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా దూరం కొట్టే మనిషి కాదు. హోల్ చుట్టుపక్కల పనితనంతోనే 2016, 2017ల్లో వరుసగా రెండుసార్లు ఇండియన్ ఓపెన్ గెలిచాడు.

గోల్ఫర్ అదితి అశోక్ విషయం ఇంకా దగ్గరిది. టోక్యో ఒలింపిక్స్‌లో అందరికన్నా తక్కువ దూరం కొట్టేవాళ్లలో ఆమె ఒకరు. అయినా నాలుగో స్థానం దాకా వచ్చింది. బెంగళూరులో వాళ్ల కుటుంబం వెళ్లే రెస్టారెంటు నుంచి గోల్ఫ్ డ్రైవింగ్ రేంజి కనిపించేది. ఐదేళ్ల వయసులో అలా చూసి మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో గోల్ఫ్ గోల్కొండ నయా ఖిల్లా గోడల లోపల ఉంది, మణికొండ వైపు బౌల్డర్ హిల్స్‌లో ఉంది, సికింద్రాబాద్‌లో సైన్యం ఆధీనంలోని బైసన్ కోర్సులో ఉంది. నాంపల్లి స్టేషన్ దగ్గర బస్సెక్కే పిల్లల కళ్లకు ఇవేవీ ఆనవు.

కాబట్టి ఆటే వాళ్ల దగ్గరికి రావాలి. తెలంగాణ స్పోర్ట్స్ అథారిటీ కార్యాలయం ఎల్బీ స్టేడియంలోనే ఉంది. ఆ ఆవరణలో ముప్ఫై గజాల ఒక మూల, చుట్టూ వల చాలు. నుమాయిష్ ముగిశాక ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లోనూ వారానికి రెండు ఉదయాలు ఇంత చోటు ఇవ్వొచ్చు. అసలు గోల్ఫ్ బంతి 46 గ్రాముల లోపే ఉన్నా గట్టిది, తగిలితే ప్రమాదం. పిల్లలకు ఫోమ్ బంతులే ఇవ్వాలి. కొత్త కిట్టు కొనే క్లబ్ సభ్యులు పక్కన పెట్టేసే వెడ్జ్‌లు ఇస్తే సామాను ఖర్చు పెద్దగా ఉండదు. నేర్పడానికి ఏళ్ల తరబడి వేల స్వింగ్‌లను దగ్గర్నుంచి చూసిన, ఆటగాళ్ల సంచులు మోసే క్యాడీలున్నారు. వాళ్లకు గౌరవంగా జీతమిచ్చి, అబిడ్స్, నాంపల్లి స్కూళ్ల పిల్లలకు రాబోయే వేసవి శిబిరాల్లోనే ఈ పాఠం మొదలుపెట్టాలి.